చేతులు మారే వస్తువు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా నల్లగొండలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వారోత్సవాలంటే గ్రంథాలయం గొప్పతనం గురించి మాట్లాడమని పిలుస్తారు. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్లు ముందు వరసలోనే కూర్చున్నారు. నేను వకీలును. వినియోగదారుల కేసులు ఎక్కువ చూస్తాను. ఈ మధ్య నా దగ్గరికి ఒక కొత్త రకం ఫిర్యాదు వస్తోంది, దాని గురించే మాట్లాడతానని నిర్వాహకులకు ముందే చెప్పాను. "పైసలు కట్టిన సార్, కానీ చేతిల ఏం లేదు" అనే రకం.

ఒకటి చెబుతాను. నకిరేకల్ దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రి వచ్చాడు. పెద్దబిడ్డ ఎంసెట్ కోసమని ఒక కంపెనీ దగ్గర ట్యాబ్, దాంతోపాటు వీడియో పాఠాలు తీసుకున్నాడు. అంతా ఈఎంఐ మీద. ఆ పిల్ల పరీక్ష రాసింది, సీటొచ్చింది, హైదరాబాద్ పోయింది. తర్వాత చిన్నబిడ్డ ఇంటర్‌లో చేరింది. అదే ట్యాబ్ తీసి ఆన్ చేస్తే పాఠాలు తెరుచుకోవడం లేదు. ప్లాన్ గడువు ముగిసిందని వస్తోంది. ఫోన్ చేస్తే చిన్నపిల్ల పేరు మీద మళ్లీ మొత్తం కట్టమన్నారు. ఆయన నన్ను అడిగాడు: "ట్యాబ్ నాదే కద సార్? పాఠాలు గూడ అండ్లనే ఉన్నయి కద? నా రెండో బిడ్డ సదువుకుంటే వాళ్లదేం పోతది?"

కాగితాలు తిరగేశాను. ఒప్పందంలో సాఫ్‌గా రాసి ఉంది. ఈ పాఠాలు చూసే అనుమతి ఫలానా విద్యార్థికి, ఫలానా తేదీ దాకా, ఇంకొకరికి బదిలీ చేయడానికి వీల్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో అన్యాయమైన ఒప్పందాలను ప్రశ్నించే వీలు కొత్తగా కల్పించారు. ఒకవైపే మొగ్గిన షరతుల మీద దాని కింద ఫిర్యాదు చేయవచ్చు. అయితే ఆ ఫిర్యాదు వినే అధికారం జిల్లా కమిషన్‌కు ఇవ్వలేదు, హైదరాబాద్‌లో రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. బస్సు చార్జీలు, వాయిదాలు, కూలి పోగొట్టుకునే రోజులు, నా ఫీజు. ఆయన మనసులో లెక్క వేసుకున్నాడు, నేనూ వేశాను. "ఇడిసిపెట్టు సార్" అని లేచిపోయాడు.

ఆయన అడిగినదాన్ని అమాయకపు ప్రశ్న అనుకోవద్దు. వందేళ్లకు పైగా కోర్టుల్లో నలుగుతున్న ప్రశ్న అది.

మన దగ్గర వస్తువును కొత్తగా కొన్నవాళ్ల కంటే చేతులు మారి అందుకున్నవాళ్లే ఎక్కువ. అన్న చొక్కా తమ్ముడికి. మిర్యాలగూడ రైస్‌మిల్లులో తీసేసిన మోటారు ఇంకో ఊళ్లో పిండిగిర్నీకి. ట్రాక్టరైతే మొదటి ఓనరు ఎవరో ఆర్సీ చూస్తేగాని తెలియదు. ఇంటర్ పుస్తకాలు సీనియర్ దగ్గర సగం ధరకు. నేను చదివిన తెలుగు అకాడమీ ఫిజిక్స్ పుస్తకం అట్ట లోపల నాకంటే ముందు చదివినవాళ్ల పేర్లు ఒకదాని కింద ఒకటి, ఒక్కొక్కటీ కొట్టేసి ఉండేవి. వచ్చే ప్రశ్నల పక్కన పెన్సిల్ చుక్కలు, పాత పరీక్షల నెల, సంవత్సరం. ఎవరో తెలియని ఆ సీనియర్ చుక్కలను నమ్ముకుని పరీక్షకు పోయాను. సగం వచ్చాయి. (నవ్వులు) నేను కూడా నా పేరు కొట్టేసి ఆ పుస్తకం అమ్మేశాను, కొన్నవాడు ఇప్పుడు ఎక్కడో ఇంజనీరు.

సొంతం అంటే చాలామందికి అల్మారా గుర్తొస్తుంది. నా పుస్తకాలు, నా సీడీలు, నా గోడ నిండా. ఉన్నవాళ్ల ముచ్చట అది. మనలాంటి జిల్లాలకు సొంతం వల్ల జరిగిన అసలు మేలు వేరు. కొన్నవాడు పని అయిపోయాక దాన్ని ఇంకొకరికి ఇవ్వగలిగాడు. ఇచ్చాడు కాబట్టే కొనలేనివాడు చదివాడు. చందా పద్ధతిలో తెగిపోయేది ఈ గొలుసు. కొనగలిగినవాడికి పెద్దగా తేడా తెలియదు, నెలకు రెండు వందలు పోతాయి అంతే. కానీ అతని వెనక నిలబడినవాళ్ల వరకు ఆ వస్తువు రాదు.

ఇప్పుడు చట్టం. 1908లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒక ప్రచురణకర్త తన నవల లోపలే అచ్చు వేశాడు, దీన్ని ఒక డాలరు కంటే తక్కువకు అమ్మితే కాపీరైట్ ఉల్లంఘన కింద లెక్క అని. న్యూయార్క్‌లో మేసీస్ అనే పెద్ద దుకాణం దాన్ని 89 సెంట్లకు అమ్మింది. ఆయన కోర్టుకెక్కాడు. కోర్టు ఏమందంటే, నువ్వు ఆ ప్రతిని అమ్మేశావు, నీ డబ్బు నీకొచ్చింది, దాని మీద నీ పెత్తనం అక్కడితో సరి. మళ్లీ అచ్చు వేసుకునే హక్కు నీదే. అమ్మేసిన ప్రతి మాత్రం కొన్నవాడిది, వాడు ఎంతకైనా అమ్ముకుంటాడు.

మన 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ చూడండి. ప్రతులను జనంలోకి విడుదల చేసే హక్కు రచయితకు ఇస్తూనే, ఇప్పటికే చలామణిలో ఉన్న ప్రతులకు అది వర్తించదని ఒక ముక్క పెట్టారు. ఒకే ఒక్క ముక్క. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట పాత పుస్తకాలు పరుచుకుని కూర్చునేవాళ్లకు అదే అండ. ఈ గ్రంథాలయంలో మీరు కార్డు చూపించి పుస్తకం ఇంటికి తీసుకుపోతున్నారంటే అది కూడా ఆ నీడలోనే.

ఈ-పుస్తకం దగ్గరికి వచ్చేసరికి లెక్క మారిపోతుంది. పుస్తకం మీకిస్తే నా దగ్గర ఉండదు. ఫైలు మీకిస్తే నా దగ్గరా ఉంటుంది, మీ దగ్గరా ఉంటుంది, అంటే కాపీ అయింది, కాపీ చేసే హక్కు కొన్నవాడికి లేదు. ఈ వాదనలో బలం ఉంది, నేను కాదనను. రచయిత కూడా బతకాలి. కానీ దీన్ని అడ్డం పెట్టుకుని కంపెనీలు అమ్మడమే మానేశాయి. మీకు ఇచ్చేది చదువుకునే అనుమతి మాత్రమే. బటన్ మీద మాత్రం 'కొనండి' అనే ఉంటుంది.

అనుమతి అంటే ఏమిటో 2009 జులైలో అందరికీ అర్థమైంది. జార్జ్ ఆర్వెల్ నవలలు '1984', 'యానిమల్ ఫామ్' అమెజాన్ ఈ-పుస్తకాల యంత్రం కిండిల్ మీద కొన్న కొందరికి అవి ఉన్నట్టుండి మాయమయ్యాయి. వాటిని అమ్మకానికి పెట్టిన ప్రచురణ సంస్థకు హక్కులు లేవని తేలడంతో అమెజాన్ పాఠకుల యంత్రాల్లోంచే తీసేసి, డబ్బు వాపసు ఇచ్చింది. ఒక విద్యార్థి పాఠం కోసం రాసుకున్న నోట్సు పనికిరాకుండా పోయింది, కేసు వేశాడు. కంపెనీ క్షమాపణ చెప్పింది. పాత రాతలు చెరిపేసే ప్రభుత్వం గురించి రాసిన నవలకే ఇలా జరిగిందని లోకమంతా జోకులు వేసింది కాబట్టి నేను వేయను.

తర్వాత 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణం మూసేసింది. ఇదీ డబ్బు వాపసు ఇచ్చింది. పుస్తకాలు మాత్రం తెరుచుకోవడం ఆగిపోయాయి. 2024లో ఆటల కంపెనీ యూబీసాఫ్ట్ 'ది క్రూ' అనే కార్ల పందెం ఆట సర్వర్లు ఆపేసింది. డిస్కు కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్లకు కూడా ఆట నడవలేదు. వెనక వరసలో ఉన్న కుర్రాళ్లకు ఈ ఒక్కటే తెలిసినట్టుంది, తలలూపుతున్నారు. ఈ గొడవల తర్వాత కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది, 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఇచ్చేది అనుమతి మాత్రమే అయినప్పుడు ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా 'కొనండి' అని రాయకూడదు. చిన్న చట్టమే. మనకు అంత మాత్రం సూటిగా చెప్పే చట్టం కూడా లేదు.

పట్టాకూ కౌలుకూ తేడా ఏమిటో ఈ జిల్లాలో నేను చెప్పాల్సిన పని లేదు. కౌలు చెడ్డదని ఎవరూ అనరు, భూమి లేనివాడికి అదే దారి. నోటిమాట మీద నడిచే కౌలు, ఆసామికి కోపమొస్తే లేచిపోవాల్సిన కౌలు, దాని మీద ఇక్కడ జనం ప్రాణాలిచ్చి కొట్లాడారు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చి రక్షిత కౌలుదారును ఊరికే లేపడానికి వీల్లేదని రాసింది. డిజిటల్ సరుకుకు అలాంటి చట్టం లేదు. అమెజాన్ ప్రైమ్ 2016లో మన దేశానికి వచ్చినప్పుడు ఏడాదికి 499 రూపాయలు. మరుసటి ఏడు 999 అయింది. 2021 డిసెంబర్‌లో 1499. 2025 జూన్ నుంచి వీడియోల మధ్య ప్రకటనలు మొదలయ్యాయి, అవి వద్దనుకుంటే ఏడాదికి ఇంకో 699 కట్టాలి. అంటే కౌలు మూడింతలైంది, పైగా పొలంలో ఆసామి తన బోర్డులు పాతాడు, బోర్డు తీయాలంటే అదనం. 2023 మార్చి 31న హాట్‌స్టార్ నుంచి హెచ్‌బీఓ సీరియళ్లన్నీ వెళ్లిపోయాయి. ఏడాది చందా కట్టింది వాటి కోసమే అయినవాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. మోసం అనను. షరతుల్లో రాసే ఉంటుంది. షరతులు మార్చే హక్కు కూడా వాళ్లకే ఉందని అందులోనే రాసి ఉంటుంది.

ఇంత చెప్పాక నన్ను చందాల శత్రువు అనుకుంటారేమో. మా ఇంట్లోనూ ఓటీటీలున్నాయి, రిమోట్ నా చేతికి రాదు, అది వేరే సంగతి. పాలమూరు నుంచి పుణె, ముంబై పోయి బిల్డింగ్ పనుల్లో ఉండేవాళ్లను అడగండి. ఒకప్పుడు ఊరి నుంచి ఒగ్గుకథ క్యాసెట్లు రెండు మూడు సంచిలో పెట్టుకుపోయి, అవి అరిగేదాకా వినేవాళ్లు. ఇవాళ ఫోన్లో లేని కథ లేదు. ఇది చిన్న మార్పు కాదు. క్యాసెట్ల రోజుల మీద మరీ ప్రేమ ఉన్నవాళ్లకు కూడా ఒక మాట. మన ఎండలకు జీపు డ్యాష్‌బోర్డు మీద పెట్టిన క్యాసెట్ వంకర పోయేది. టేపు చిక్కుపడితే పెన్సిల్ పెట్టి తిప్పి తిప్పి చేతులు నొప్పి. సీడీలకు బూజు. అదీగాక, మనం కొన్నామని చెప్పుకునే వాటిలో సగం క్లాక్ టవర్ దగ్గర షాపులో పాటల లిస్టు రాసిచ్చి ఎక్కించుకున్నవే. కాపీరైట్ గురించి ఉపన్యాసం ఇస్తున్న వకీలు ముందు మీరు చేతులెత్తనక్కర్లేదు. (నవ్వులు)

ఒకసారి చూసి మర్చిపోయే సినిమాకు చందా చాలు. ఎక్కడ చాలదో చూద్దాం.

ప్రకాశం బజార్ వైపు డీటీపీ సెంటర్లకు వెళ్లండి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, మా వకీళ్ల నోటీసులు కూడా అక్కడే అవుతాయి. ఒక షాపులో మూలన పాత కంప్యూటర్ ఒకటి ఉంటుంది. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి తెల్లగా అయ్యాయి. నెట్ వైరు తీసేసి, దాని మూతికి ఇన్సులేషన్ టేపు చుట్టి పెట్టాడు. అందులో పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7, తెలుగు అక్షరాలకు అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. ఇంకా ఎందుకయ్యా అంటే, "కొత్తది నెలనెలా కట్టాలె సార్. పెళ్లిళ్లు నెలనెలా ఉంటయా?" అన్నాడు. మూఢాల్లో ఆయనకు గిరాకీ ఉండదు, చందాకు మాత్రం మూఢం లేదు. ఆ పేజ్‌మేకర్ 7 తెచ్చిన అడోబీ కంపెనీ 2013లో ఒకసారి కొనే పద్ధతి పక్కకు పెట్టి తన ప్రధాన సాఫ్ట్‌వేర్లను చందాలోకి మార్చింది. పెద్ద స్టూడియోలకు అది వరమే, ఎప్పుడూ కొత్త వెర్షన్ ఉంటుంది. ఏడాదిలో ముహూర్తాలున్న నెలలే పని ఉండేవాడికి లెక్క వేరు. బతుకుదెరువు నడిపే పనిముట్టు, డబ్బు కట్టని నెలలో ఆగిపోయేది అయితే, అది పనిముట్టు కాదు, మెడ మీద కాడి. ఇలాంటి చోట ఒకసారి కొనుక్కునేవి, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్‌వి వెతుక్కోవాలి. ఇంక్‌స్కేప్, స్క్రైబస్ లాంటివి ఉన్నాయి. తెలుగు యూనికోడ్ ఫాంట్లూ చాలా వచ్చాయి. అలవాటు కావడానికి టైం పడుతుంది, ఆ మాట నిజమే.

ఇక విత్తనం. పుస్తకాల సభలో విత్తనమేంటి అనుకోకండి. ఏటా మళ్లీ మళ్లీ కట్టే పద్ధతి మన రైతు ఇంటికి ఓటీటీ కంటే ముందే వచ్చింది. బీటీ పత్తికి 2002లో అనుమతి ఇచ్చారు, మన దగ్గర అది హైబ్రిడ్ రూపంలోనే వచ్చింది. హైబ్రిడ్ గింజ దాచి మళ్లీ వేస్తే చేను ఒక తీరుగా రాదు. ఒక చెట్టు ఎత్తు, ఒకటి పొట్టి, కాయ ఒక్కోదానికి ఒక్కో తీరు. అక్కడ కంపెనీ తాళం వేయాల్సిన అవసరమే లేదు. మిరుగు వచ్చిందంటే షాపు ముందు లైనే.

ఆ గింజ తయారయ్యేది ఎక్కడో కాదు, మన పక్కన గద్వాల వైపు, నడిగడ్డలో. సీడు పత్తి వేసే ఊళ్లో ఒక పొద్దు నిలబడి చూడండి. ముందురోజు మొగ్గ విప్పి, పుప్పొడి భాగమంతా గోటితో గీకేసి గుర్తు పెడతారు. మర్నాడు పొద్దున్నే మగ పువ్వు తెంపుకొచ్చి, గుర్తు పెట్టిన ఒక్కొక్క పువ్వుకూ చేత్తో రాస్తారు. క్రాసింగ్ అంటారు. ఎండెక్కేలోపు అయిపోవాలి. ఎకరం చేనులో ఎన్ని పువ్వులుంటాయో ఊహించుకోండి. ఇంత చేసిన రైతుకు ఆ విత్తనం మీద హక్కు ఉండదు. మూల విత్తనం కంపెనీది, పంట ఆర్గనైజర్ అనే మధ్యవర్తి ద్వారా కంపెనీకే పోవాలి. ఆ రైతే తన ఇంకో చెలకలో పత్తి వేసుకోవాలంటే షాపుకు పోయి ప్యాకెట్ కొంటాడు.

మన చట్టం ఇక్కడ రైతుకు గట్టి హక్కే ఇచ్చింది. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంటలోంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ చట్టం కింద రిజిస్టర్ అయిన రకమైనా సరే. బ్రాండు పేరు వేసి అమ్మకూడదు, అంతే. అమెరికాలో ఇలా కాదు. ఇండియానాలో ఒక రైతు గింజలు కొనే గోదాము నుంచి సోయా తెచ్చి విత్తి, వచ్చిన పంటలోంచి మళ్లీ విత్తనం దాచుకుంటూ పోయాడు. ఆ సోయా మీద పేటెంట్ ఉన్న మోన్‌శాంటో కంపెనీ కేసు వేసింది. 2013లో వాళ్ల సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పు చెప్పింది. కొన్న గింజను తినొచ్చు, అమ్మొచ్చు, కానీ విత్తి మళ్లీ గింజలు తీయడమంటే పేటెంట్ ఉన్నదాన్ని కొత్తగా తయారుచేయడమే అంది. ఇందాక ఫైలు గురించి విన్న వాదనే, ఇప్పుడు గింజ మీద.

వరిలో మనకింకా ఆ బాధ అంత లేదు. బీపీటీ 5204, తెలంగాణ సోనా లాంటివి హైబ్రిడ్లు కావు. మంచి మడి చూసి వడ్లు దాచి, పక్క ఊరి చుట్టానికి ఒక బస్తా ఇవ్వొచ్చు. చట్టం ఇచ్చిన హక్కు నిజంగా పనికొచ్చేది అలాంటి విత్తనం మీదే. హక్కు కాగితం మీద ఉండి, వస్తువే చేతులు మారలేనట్టు తయారైతే హక్కును ఏం చేసుకుంటాం?

గ్రంథాలయం దగ్గరికి వస్తాను, లేకపోతే నిర్వాహకులు ఊరుకోరు.

ఈ ఊళ్లో 1918లోనే ఆంధ్ర సరస్వతీ నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు ఇక్కడి నుంచే 'నీలగిరి' పత్రిక నడిపారు. నిజాం పాలనలో సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి, అలాంటి రోజులు. పాలమూరు మట్టిలో పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆ రోజుల కాగితాలను ఇవాళ మనం కంప్యూటర్లో చూడగలుగుతున్నామంటే, ఎవరో ఇంట్లో అటక మీద, ఏదో గ్రంథాలయం బీరువాలో ప్రతులు మిగిలాయి కాబట్టి. ప్రతులు పదిచోట్ల చెదిరి ఉన్నాయి. ఏ అధికారికీ అన్నిటినీ ఒకేసారి మాయం చేయడం సాధ్యం కాదు. ఒకే సర్వర్లో ఉండి, అందరూ దానికి తొంగిచూసే అనుమతి మాత్రమే కొనుక్కుంటే, మాయం చేయడానికి ఒక్క క్లిక్కు చాలని 2009లో చూశాం.

ఇప్పుడు కేంద్రం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' తెచ్చింది. 2024 నవంబర్‌లో క్యాబినెట్ ఒప్పుకుంది, 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకు 6000 కోట్లు. 30 మంది ప్రచురణకర్తల నుంచి సుమారు 13,000 పరిశోధన పత్రికలు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుతాయి. మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ లాంటి చోట్ల చదివే పిల్లలు కలలో కూడా చూడని సరుకు ఇది. మంచి పని, సందేహం లేదు. నా చింత మూడేళ్ల తర్వాతి సంగతి. కాగితం పత్రిక తెప్పించే రోజుల్లో డబ్బు లేక చందా ఆపేసినా పాత సంచికలు బైండు చేసి ర్యాకులో ఉండేవి. డేటాబేస్ చందా ఆగితే, ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకోకపోతే, నిన్నటి దాకా చదివిన పాత సంచికలు కూడా ఆగిపోవచ్చు. అందుకని యూనివర్సిటీ వాళ్లయినా, రేపు ఈ గ్రంథాలయం ఈ-పుస్తకాలు తీసుకున్నా, సంతకం పెట్టేముందు ఒక్క షరతు అడగాలి: కట్టిన కాలానికి సంబంధించిన సరుకు, కట్టడం మానేశాక కూడా మా దగ్గర ఉంటుందా? మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. అడిగే హక్కు మీకుంది.

పెళ్లి వీడియోల గురించి ఒక్క నిమిషం. ఇదివరకు ఫోటోగ్రాఫర్ క్యాసెట్ ఇచ్చేవాడు, తర్వాత డీవీడీ, తర్వాత పెన్‌డ్రైవ్. ఇప్పుడు వాట్సాప్‌లో లింకు పంపుతున్నారు, నెలకో రెండు నెలలకో అది చచ్చిపోతుంది. పెళ్లి హడావిడిలో ఎవరూ దించుకోరు. ఏడాదికి గుర్తొచ్చి అడిగితే హార్డ్‌డిస్క్ ఫార్మాట్ చేశామంటారు. బయానా ఇచ్చేటప్పుడే హార్డ్‌డిస్క్‌లో వేసి ఇవ్వాలని కాగితం మీద రాయించుకోండి. గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 వరకు ఎన్ని ఫోటోలైనా ఉచితంగా దాచింది, తర్వాత అన్నీ కలిపి 15 జీబీకి కట్టేసింది. నిండాక నెలనెలా కట్టాలి. అమ్మానాన్నల ఫోటోలు ఒక హార్డ్‌డిస్క్‌లో మీ ఇంట్లో, ఇంకో కాపీ చెల్లె ఇంట్లో పెట్టండి. ఇద్దరి ఇళ్లూ ఒకేసారి మునగవు.

ఇక చందాలే వద్దనుకోని మనలాంటి వాళ్లకు. ఖాతాలోంచి ఆటోమేటిగ్గా పోయే డబ్బు మీద 2021 అక్టోబర్ నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనలు అమల్లోకి వచ్చాయి. కోతకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి, ఆపే దారి చూపించాలి. చందా 15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ ఉండాలి. ఆ మెసేజ్‌ను మనం చెత్త మెసేజ్ అని తుడిచేస్తాం, అక్కడ వస్తుంది తంటా. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట నొక్కి చూడండి. నా దగ్గరికి వచ్చినవాళ్లతో ముందు ఈ పని చేయిస్తాను, వాళ్లకే తెలియని చందా ఒకటైనా బయటపడుతుంది. చేరడానికి ఒక నొక్కుడు, మానుకోవడానికి పది పేజీలు పెట్టే కంపెనీల మీద 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. నిషేధించిన 13 రకాల మాయల్లో 'సబ్‌స్క్రిప్షన్ ట్రాప్' ఒకటి. 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు రాసుకుంటారు. వకీలు ఫీజు అక్కర్లేదు. నా పొట్ట నేనే కొట్టుకుంటున్నాను.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక డిగ్రీ విద్యార్థి: సార్, మా ఫ్రెండ్ ఓటీటీ పాస్‌వర్డ్ వాడితే నేరమా?)

మీ ఫ్రెండ్ ఒప్పుకున్న షరతులకు విరుద్ధం కావచ్చు. నెట్‌ఫ్లిక్స్ 2023 జులై నుంచి మన దేశంలో ఒక ఇంటివాళ్లకే ఒక ఖాతా అని పట్టుబట్టింది. వాళ్లు ఖాతా ఆపొచ్చు. ఫ్రెండ్ ఇష్టపడి ఇచ్చాడు కాబట్టి పోలీసులు మీ హాస్టల్‌కు వస్తారని టెన్షన్ పడకండి. కానీ చూశారా, డీవీడీ అయితే ఈ ప్రశ్న మీకు రాకపోయేది. చదివి ఇస్తానని పుస్తకం తీసుకుని ఇవ్వని ఫ్రెండ్ గురించే మన గొడవలన్నీ ఉండేవి.

(ఒక మహిళ: ఫైలు కాపీ కాకుండా వేసే డిజిటల్ తాళం పగలగొడితే నేరమని చెబుతారు, నేను కొన్న పుస్తకమైతే?)

మన కాపీరైట్ చట్టంలో 65ఏ సెక్షన్, 2012లో చేర్చారు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీస్తే నేరం, రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అదే సెక్షన్‌లో, చట్టం నిషేధించని పని కోసం తీస్తే ఇది వర్తించదని కూడా ఉంది. అమెరికా చట్టం కంటే మనది మెత్తన. అయినా కంపెనీ మీ ఖాతా మూసేస్తే దాని మీద విడిగా పోట్లాడాలి. తాళం లేకుండా అమ్మే ప్రచురణకర్తలు కొందరున్నారు, వాళ్ల దగ్గర కొనడం తేలిక.

(ఒక పెద్దాయన: నేను పాత ఫోన్ అమ్ముతున్న. అండ్ల పైసలు పెట్టి కొన్న పాటలున్నయి. కొన్నోనికి పోతయా?)

పోవు పెద్దాయనా. పాటలు మీ ఖాతాకు కట్టి ఉంటాయి, ఫోన్‌కు కాదు. ఫోన్ మాత్రం నిజంగా మీదే, బిల్లు కూడా కలిపి ఇవ్వండి. ఇచ్చేముందు మీ మనవడితో ఖాతాలోంచి బయటికి రప్పించి, తర్వాత ఫోన్ రీసెట్ చేయించండి. ముందు రీసెట్ చేసి ఖాతా అలాగే వదిలేస్తే, కొన్నవాడు ఆన్ చేయగానే మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు వాడు ఫోన్ పట్టుకుని మీ ఇంటికే వస్తాడు.